అన్నీ ఎడమకాళ్ళే

"బండి తీస్తావా, తియ్యవా?"

"తియ్యను."

"నన్ను తీయించమంటావా?"

"ఏదీ, తీయించు చూద్దాం."

మరిది గేటు లోపల నిలబడి కోపంతో ఊగిపోతున్నాడు. గేటు బయట పెద్దకోడలు తన వ్యాను మెట్టు మీద కూర్చుని తాపీగా సూదిలోకి దారం ఎక్కిస్తోంది. నిన్న సాయంత్రం వచ్చి బూట్ల కార్ఖానా గేటుకు అడ్డంగా బండి నిలిపింది. అంతే, అప్పటినుంచి అంగుళం కదపలేదు. లోపల లారీ నిండా బూట్ల పెట్టెలు కట్టి ఉన్నాయి. బయటపడటానికి ఇంకో దారి లేదు.

"వదినా, మర్యాదగా చెబుతున్నాను. ఇవాళ ఆ లారీ కదలకపోతే మా పరువు పోతుంది."

"మీకు పరువా? అదెప్పుడొచ్చింది?"

వీధి వీధంతా నవ్వింది. ఎదురు మేడ మీది ఆడవాళ్ళు పిట్టగోడకు ఆనుకుని చూస్తున్నారు. మంగలి షాపులోంచి ఒక పెద్దమనిషి సగం గడ్డంతో, మిగతా సగం నురగతో బయటికొచ్చి నిలబడ్డాడు. కార్ఖానా పనివాళ్ళయితే సరేసరి, కిటికీకి నాలుగు తలకాయలు. ఇలాంటి సంబరం మళ్ళీ ఎప్పుడు దొరుకుతుంది వాళ్ళకు?

"నీకేం కావాలో చెప్పి చావు!" అన్నాడు మరిది.

"నిన్ననే చెప్పాను. మీ అమ్మను మెట్లు దిగి రమ్మను. ఈ గేటు దాకా నడిచొచ్చి, అందరూ వింటుండగా ఆ ఒక్క ముక్క చెప్పమను. మరుక్షణం బండి తీసేస్తాను. మళ్ళీ ఈ వీధి మొహం చూస్తే అప్పుడడుగు."

"కుర్చీలో కూర్చోబెట్టి మోసుకొస్తాం. సరేనా?"

"వద్దు. నడిచే రావాలి. నన్ను పిచ్చిదని చెప్పడానికి ఆ రోజు కార్ఖానా అంతా నడిచే తిరిగింది. ఒక్కో బల్ల దగ్గరా ఆగి మరీ చెప్పింది. ఇప్పుడూ నడవాలి."

"అమ్మ నడవలేదని నీకు తెలుసు!"

"తెలుసు. ఎందుకు నడవలేదో కూడా తెలుసు."

"నీ వల్లే!"

"అవును, నా వల్లే."

ఆ మాట అంటున్నప్పుడు పెద్దకోడలి మొహంలో సిగ్గన్నది లేదు. చెప్పొద్దూ, కాస్త గర్వం కూడా ఉంది.

అత్తగారి ఎడమకాలు చిన్నప్పుడే జబ్బుచేసి పొట్టిదైపోయింది, మడమ ఒక పక్కకు తిరిగిపోయింది. ఆ కాలికి బూటు కుట్టాలంటే అచ్చం ఆ కాలులాగే చెక్కిన చెక్క అచ్చు ఒకటి ఉండాలి. దాని మీద తోలు బిగించి, అడుగున మందపాటి అట్ట కట్టి, లోపల మడమకు దిండు పెట్టాలి. ఆ అచ్చు చెక్కింది పెద్దకోడలు. ఆ బూటు కుట్టడం వచ్చిందీ ఆమె ఒక్కదానికే. నాలుగేళ్ళ కిందట కార్ఖానాదైన ఈ పాత వ్యానే వేసుకుని ఇల్లు విడిచిపోయినప్పుడు ఆమె నగలు తీసుకోలేదు, బట్టలు సర్దుకోలేదు. ఆ చెక్క అచ్చును మాత్రం ఒళ్ళో పెట్టుకుని పోయింది. ఉన్న బూటు అరిగి చిరిగిపోయాక అత్తగారు మేడ మీది గదిలో కుర్చీకి అతుక్కుపోయింది.

ఆ అచ్చు ఇప్పుడు కూడా బండిలో స్టీరింగు పక్కనే, ముందు అద్దానికి ఆనించి ఉంది. వీధిలోకి కాలు చాపుకుని కూర్చున్నట్టు ఉంది.

మరిది పళ్ళు నూరుకుంటూ లోపలికి పోయాడు.

కాసేపటికి ఆమె భర్త టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు. గేటు సందులోంచి చెయ్యి బయటికి చాపాడు.

"టీ."

"అక్కడ పెట్టండి."

పెట్టాడు. వెళ్ళలేదు. ఈ మనిషి ఎప్పుడూ ఇంతే, రావడం తెలుసు గానీ మాట మొదలుపెట్టడం తెలియదు.

"బాగున్నావా?" అన్నాడు చివరికి.

ఆమె సూది పక్కన పెట్టి రెండు చేతులూ చాపి చూపించింది. "చూడండి. వణుకుతున్నాయా?"

అతను చూశాడు. ఈ ఇంట్లోంచి పోయేనాటికి ఆ చేతులు గ్లాసు పట్టుకోలేకపోయేవి. తను గదిలోకి భోజనం తీసుకెళ్ళినప్పుడల్లా ఆమె చేతుల్లోంచి సగం నేల మీదే పడేది. ఇప్పుడు రాయిలా నిలకడగా ఉన్నాయి.

"మందులు వాడావా?"

"రోడ్డు వాడాను." ఆమె నవ్వింది. "ఓడరేవు ఊరొకటి ఉంది, అక్కడ వానాకాలమంతా ఉన్నాను. కూలీల బూట్లు ఉప్పుకి పగిలిపోతుంటాయి, చేతినిండా పని. తర్వాత గనుల దగ్గరికి పోయాను. తర్వాత కొండ మీది ఊరు. పొద్దున్నే బండి వెనక తలుపులు తెరిస్తే మబ్బు లోపలికొచ్చి కూర్చునేది. ఊరు మారినప్పుడల్లా ఏదో ఒక బరువు దిగేది నాకు. ఏ ఊళ్ళోనూ నన్నెవరూ పిచ్చిదనలేదు. బూట్లక్కా అన్నారు. ఒక పక్క పని చేసుకుంటుంటే ఇంకో పక్క నాకే తెలియకుండా కూనిరాగం వచ్చేది. నేను పాడతానని మీకు తెలుసా?"

"తెలియదు."

"నాకూ తెలియదు."

అతను గేటు ఊచ మీద గోటితో గీస్తూ నిలబడ్డాడు. "ఇంత బాగున్నదానివి, మరి ఎందుకొచ్చావు?"

ఆమె నవ్వు ఆగిపోయింది. టీ చల్లారిపోతున్నా గ్లాసు ముట్టుకోలేదు.

"నిద్ర పట్టే ముందు ఒక్క క్షణం ఉంటుంది," అంది. "ఆ క్షణంలో చప్పుడొకటి వినబడుతుంది. బయటినుంచి గడియ పెట్టిన చప్పుడు. ఎంత దూరం పోయినా అది నా వెంట వస్తూనే ఉంది. అదొక్కటి ఇక్కడ పారేసి పోదామని వచ్చాను."

గడియ పెట్టిన చెయ్యి ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

"నేను..." అన్నాడతను.

"మీరేం అనకండి. అప్పుడు అనలేదుగా, ఇప్పుడూ అనకండి. అలవాటు తప్పుతుంది."

అతను తల వంచుకున్నాడు. గ్లాసుతో మాట్లాడుతున్నట్టుగా అన్నాడు. "అమ్మ ఒప్పుకుంది. నడిచొచ్చి చెబుతానంది. బూటు మాత్రం నువ్వే కుట్టాలట. నిన్ను పైకి రమ్మంటోంది."

* * *

బూట్ల జిగురు కలిపే గదికి సరిగ్గా పైన అత్తగారి గది. మెట్లెక్కుతుంటేనే ముక్కు మండింది పెద్దకోడలికి. ఆ వాసనలోనే ఎండాకాలమంతా గడిపింది తను. తలుపుకు బయటి గడియ అలాగే ఉంది. ఒకసారి ముందుకీ వెనక్కీ లాగి చూసింది. అదే చప్పుడు.

"ఆడుకున్నది చాలు, లోపలికి రావే," అంది అత్తగారు.

కిటికీ పక్కన కుర్చీ, కుర్చీలో అత్తగారు, మోకాళ్ళ మీద దుప్పటి. మనిషి ఎండిపోయింది గానీ నోరు ఎండలేదు.

"ఏం గది ఇచ్చారు అత్తా నీకు! భలే గది. గాలీ వెలుతురూ బాగున్నాయా?"

"కొత్తగా 'నువ్వు' అంటున్నావు. 'అత్తయ్యా, మీరు' అనేదానివి."

"అచ్చుతో మాట్లాడీ మాట్లాడీ అలవాటైపోయింది. నీ కాలుతో రోజూ మాట్లాడుతున్నాను నేను. పొద్దున్నే లేపేదాన్ని, 'లే అత్తా, ఊరు మారాం' అని."

అత్తగారు కిటికీ వైపు తిప్పుకున్న మొహం ఇటు తిప్పలేదు. "ఎడమకాళ్ళమ్మకి వెటకారం కూడా వచ్చిందే."

ఎడమకాళ్ళమ్మ! ఆ పేరు వినగానే పెద్దకోడలికి ఒళ్ళు భగ్గుమంది. ఈ వీధిలో పిల్లలు కూడా అలాగే పిలిచారు ఆమెను. ఒక బ్యాండు మేళం వాళ్ళకు బూట్లు కుట్టే పని వచ్చింది అప్పట్లో. పెట్టెలు విప్పి చూస్తే అన్నీ ఎడమకాలి బూట్లే. కుడికాలిది ఒక్కటంటే ఒక్కటి లేదు. బూటుకి పై తోలు కోసేటప్పుడు అట్ట నమూనా ఒకసారి ఇలా పెట్టాలి, ఒకసారి బోర్లా తిప్పి పెట్టాలి. అప్పుడే రెండు కాళ్ళకూ వస్తుంది. తిప్పడం మరిచిపోతే అన్నీ ఒక్క కాలికే. ఆ తోలు కోసింది పెద్దకోడలేనని అత్తగారు అందరి ముందూ అనేసింది. కాదని ఈమె అరిచింది, ఏడ్చింది, చేతిలో సుత్తి విసిరికొట్టింది. అంతే, దానికి పిచ్చెక్కిందన్నారు. ఈ గదిలో పెట్టి గడియ వేశారు. ఎండాకాలం దాటాక గడియ తీసిన రోజునే ఆమె వ్యాను ఎక్కి పోయింది.

"ఆ తోలు ఎవరు కోశారు అత్తా?"

అత్తగారు మోకాళ్ళ మీది దుప్పటి సర్దుకుంది. కింద మిషన్లు గడగడమంటున్నాయి.

"నిన్నే అడుగుతున్నా. ఎవరు కోశారు?"

"నేనే," అంది అత్తగారు. ఎంత తేలిగ్గా అందో! "కళ్ళు మసకలేశాయి. నమూనా తిప్పానో లేదో గుర్తు లేకపోయింది. అయితే ఏంటి ఇప్పుడు?"

"అయితే ఏంటా? మరి నన్నెందుకన్నావు?"

"ఇంకెవర్ని అనమంటావు? ఈ కార్ఖానాకి పెద్ద చెయ్యి నాది. ఆ చెయ్యి తప్పిందంటే రేపు గడప తొక్కేవాడెవడు? నువ్వు కోడలివి. రెండు రోజులు ఏడ్చి సర్దుకుంటావనుకున్నాను. సుత్తి విసురుతావని నేనేమైనా కలగన్నానా?"

"సర్దుకుంటాననుకున్నావా!" పెద్దకోడలి గొంతు కిందికి వచ్చేసింది. అరిచిన కోపం కంటే ఇది భయంకరంగా ఉంది. "ఈ గోడలు చూస్తూ నేనేమనుకున్నానో తెలుసా? నేనే కోశానేమో అనుకున్నాను. అందరూ అంటుంటే, నిజంగానే నాకు పిచ్చేమో, కోసి మరిచిపోయానేమో అనుకున్నాను. నా చేతుల్ని నేనే నమ్మలేదు అత్తా. అందుకే అవి వణికాయి."

అత్తగారు ఇటు తిరిగింది. దుప్పటి తొలగించి ఎడమకాలు ముందుకు చాపింది.

"కింద చెబుతాను. నువ్వడిగినట్టే నడిచొచ్చి చెబుతాను. కొలత తీసుకో."

గోడవార కొలతలు తీసేవాళ్ళు కూర్చునే పొట్టి పీట ఉంది. దాని మీద కూర్చుని, కాలు ఒళ్ళో పెట్టుకుని, వేలు వేలూ తడిమి చూసుకోవాలి. కాలు ముట్టుకోనిదే బూటు కుట్టకూడదన్నది ఈ పనిలో మొదటి రోజు నేర్పే పాఠం. పెద్దకోడలికి ఆ పాఠం నేర్పింది ఈ అత్తగారే.

పెద్దకోడలు పీట వైపు చూసింది, కాలు వైపు మాత్రం చూడలేదు.

"నీ కాళ్ళ దగ్గర కూర్చోనని ఒట్టు పెట్టుకున్నాను. నీ కొలత నా దగ్గర ఉంది. అచ్చు ఉందిగా, చాలు."

"చూడవా?"

"చూడను. చచ్చినా చూడను."

అత్తగారు మెల్లగా కాలు వెనక్కి లాక్కుని దుప్పటి కప్పుకుంది. ఆమె మొహంలో ఏదో మెరిసి మాయమైంది. అదేమిటో ఆలోచించే ఓపిక పెద్దకోడలికి లేదు. అప్పటికే మెట్లు దిగుతోంది.

* * *

బండిలో కూర్చుని కుట్టింది. పై తోలు దారిలోనే కోసి ఉంచుకుంది, ఊహలో ఆ బూటు ఎన్నిసార్లు కుట్టిందో లెక్కే లేదు. చెక్క అచ్చు మీద తోలు లాగి బిగిస్తుంటే వేళ్ళకు బలం తన్నుకొచ్చింది. మేకు కొట్టిన ప్రతిసారీ ఒక మొహం కళ్ళ ముందుకొచ్చింది. మరిది మొహం. వెక్కిరించిన పనివాళ్ళ మొహాలు. గడియ దగ్గర తలవంచుకుని నిలబడ్డ మొగుడి మొహం. ఇవాళ అందరూ వింటారు. ఎడమకాళ్ళమ్మ ఎవరో ఈ వీధికి తెలుస్తుంది. ఆ తర్వాత రేవు వైపు బండి తిప్పితే ఇక నిద్రే నిద్ర!

పొద్దు వాలేసరికి బూటు సిద్ధమైంది. ఎంత అందంగా వచ్చిందంటే, ఆమె తనే కాసేపు చేతిలో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. భర్త వచ్చి పట్టుకెళ్ళాడు.

కార్ఖానాలో మిషన్లు ఆగిపోయాయి. పనివాళ్ళు రెండు వైపులా నిలబడ్డారు. లారీ డ్రైవరు సహా అందరూ మెట్ల వైపే చూస్తున్నారు.

ముందు చప్పుడు వినిపించింది. టక్కు, ధబ్బు. టక్కు, ధబ్బు. కుడికాలు తేలిగ్గా, ఎడమకాలు బరువుగా. పాతవాళ్ళందరికీ తెలిసిన చప్పుడే అది. దాన్ని విని బల్లల దగ్గర కబుర్లు ఆపేసేవాళ్ళు ఒకప్పుడు. ఇవాళ కూడా నోళ్ళు వాటంతట అవే మూతబడ్డాయి.

అత్తగారు గోడ పట్టుకుని మెట్లు దిగింది. కొడుకులు చేతులందిస్తే విదిలించుకుంది. నడవా దాటింది. తోలు కోసే బల్ల దాటింది. గేటు బయట పెద్దకోడలు మెట్టు మీంచి లేచి నిలబడింది.

గేటు దగ్గర అత్తగారు ఆగింది. అందర్నీ ఒకసారి కలయచూసింది.

"అందరూ వినండి. ఆ రోజు బ్యాండు మేళం బూట్లకి తోలు కోసింది..."

ఎడమకాలు పక్కకు వాలింది.

మనిషి నిలువునా కూలిపోయింది. బూటు మాత్రం కాలిలోంచి ఊడి, నిలబడ్డచోటే నిటారుగా నిలబడి ఉంది.

"అమ్మా!" ఒక్కసారిగా అందరూ మీదపడ్డారు. గేటు తెరుచుకుంది. పెద్దకోడలు అందర్నీ తోసుకుంటూ వెళ్ళి ముందు బూటు అందుకుంది, తర్వాత ఆ కాలు చూసింది. ఈ నాలుగేళ్ళలో మొదటిసారి చూసింది. కూర్చుని కూర్చుని కాలు సన్నబడి పుల్లలా అయిపోయింది. పిక్క లేదు, మడమ లేదు, ఎముక మీద చర్మం. ఆ కాలు ఈ బూటులో ఎలా నిలుస్తుంది? పిడికిలి పట్టేంత ఖాళీ ఉంది లోపల.

"చూశారా! చూశారా దీని పని!" మరిది వీధి అదిరిపోయేలా అరిచాడు. "కావాలని వదులుగా కుట్టింది! ముసలావిణ్ణి పడెయ్యడానికే కుట్టింది! పిచ్చిదనుకున్నాం, కాదు, పగబట్టిన పాము ఇది!"

"అయ్యో, ఎంత పని చేసిందమ్మా," అంది మేడ మీంచి ఒకావిడ.

పెద్దకోడలు చేతిలోని బూటు వైపు చూసింది. కావాలని చెయ్యలేదు. కానీ కాలు చూడమంటే చూడనన్నది తను. ఆ మాట ఎవరితో చెప్పాలి, ఎవరు నమ్ముతారు?

అప్పుడు అత్తగారు ఆమె మెడ పట్టుకుని కిందికి లాగింది. చూసేవాళ్ళకు ఆసరా కోసం పట్టుకున్నట్టే ఉంది. చెవిలో ఊపిరి వెచ్చగా తగిలింది.

"నువ్వు కాలు చూడనన్నప్పుడే వదులవుతుందని తెలుసే. నేను చెప్పలేదు."

"ఎందుకు?"

"ఆ ముక్క చెప్పేస్తే నువ్వు హాయిగా పోతావు. ఊరూరా తిరుగుతూ పాటలు పాడుకుంటావు. నేనేమో ఆ గదిలో. ఇప్పుడు పో, ఎలా పోతావో చూస్తాను. అత్త కాలు విరగ్గొట్టిన కోడలివి. ఇక్కడే ఉండి చాకిరీ చెయ్యి."

పెద్దకోడలు ఆ మొహంలోకి చూసింది. పైన గదిలో మెరిసి మాయమైందేమిటో ఇప్పుడు అర్థమైంది. ఓసి ముసలిదానా!

ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత వంగి, అత్తగారిని రెండు చేతులతో ఎత్తుకుంది. ఏం బరువుందని!

"జరగండి. ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను."

అందరూ జరిగారు. బండి ముందు సీట్లో కూర్చోబెట్టి, బూటును సీటు కింద పడేసింది. భర్త పరిగెత్తుకొచ్చి వెనక తలుపు పట్టుకున్నాడు. "నేనూ వస్తాను."

ఆమె అతని చెయ్యి తీసి పక్కన పెట్టింది. తలుపు వేసి, బయటినుంచి గడియ లాగింది.

"ఈ చప్పుడు మీకు కొత్తేం కాదుగా," అంది.

బండి కదలగానే మరిది చేసిన మొదటి పని ఏమిటో తెలుసా? లారీని బయటికి పోనిమ్మని చెయ్యి ఊపాడు!

* * *

నాలుగురోడ్ల కూడలి. ఎడమకి తిరిగితే ఆసుపత్రి. కుడికి తిరిగితే ఊరి బయటి రోడ్డు.

"ఎడమకి తిప్పు," అంది అత్తగారు.

"కాలు కదిపి చూపించు."

"అబ్బా, విరిగిపోయిందే, నొప్పి..."

"విరిగిన కాలితో బూటు వెతుక్కుంటున్నావా?"

సీటు కింద తడుముతున్న కాలి వేళ్ళు టక్కున ఆగిపోయాయి.

పెద్దకోడలు కుడికి తిప్పింది.

"ఎక్కడికే? ఎక్కడికి తీసుకుపోతున్నావు నన్ను?"

"ఒక్క వీధిలో చెప్పమన్నాను. ఎగ్గొట్టావు. ఇక ఊరూరా చెబుదువుగాని. రేవులో చెప్పు, గనుల దగ్గర చెప్పు, కొండ మీద చెప్పు. తోలు నేనే కోశాను, నా కోడల్ని పిచ్చిదన్నాను అని బండి మెట్టు మీద కూర్చుని వచ్చినవాళ్ళందరికీ చెప్పు."

"వాళ్ళకి నేనెవరో తెలుసా, నువ్వెవరో తెలుసా?"

"నాకు తెలుసు. నేను వింటాను. అది చాలు."

ఇళ్ళు పల్చబడ్డాయి. కిటికీలోంచి గాలి జోరుగా కొట్టి అత్తగారి నెరిసిన జుట్టు చెదరగొట్టింది. జిగురు వాసన లేని గాలి. ఆవిడ కళ్ళు మూసుకుని పీల్చింది, తర్వాత ఎవరైనా చూశారేమోనన్నట్టు గబుక్కున కళ్ళు తెరిచింది. ఎదురుగా చెక్క అచ్చు కనిపించింది. చెయ్యి చాచి ఒళ్ళోకి తీసుకుంది.

"ఇది నా కాలేనా?"

"నీదే."

"ఎండకి రంగు పోయింది. ఎక్కడెక్కడ తిప్పావు దీన్ని?"

"నేను పోయిన చోటికల్లా. సముద్రం ఎదురుగా కూడా కూర్చోబెట్టాను."

"నేనెప్పుడూ చూడలేదు సముద్రం," అంది అత్తగారు. "నాకంటే నా కాలే నయం."

పెద్దకోడలికి నవ్వు రాబోయింది. దాని వెనకే జాలి కూడా రాబోయింది. రానిస్తుందా? గేరు గట్టిగా మార్చి బండి వేగం ఇంకా పెంచింది.

"బండి ఆపు," అంది అత్తగారు. గొంతు మళ్ళీ కార్ఖానా గొంతైంది. అచ్చు పట్టుకున్న చెయ్యి కిటికీ బయట ఉంది. "ఆపి వెనక్కి తిప్పు. లేకపోతే పారేస్తాను."

"పారేసుకో. అది ఇక నీ కాలికి పనికిరాదు. ఇందాక అందరం చూశాంగా."

"నాకు పనికిరాదులే. మరి నీకు?"

పెద్దకోడలు ముందున్న రోడ్డు వైపే చూసింది.

అత్తగారు వేళ్ళు వదిలేసింది.

చెక్క రోడ్డుకు తగిలి ఎగిరిన చప్పుడు. పెద్దకోడలి కాలు తనకు తెలియకుండానే బ్రేకు తొక్కింది. బండి కీచుమని ఆగింది. వెనక చూపే అద్దంలో, రోడ్డు మధ్యన అచ్చు బోర్లాపడి ఉంది. నాలుగేళ్ళుగా పొద్దున్నే లేపిన అత్త. తిట్టిన అత్త. ఏ ఊళ్ళోనూ దిగనివ్వని అత్త.

స్టీరింగు మీద చేతులు వణుకుతున్నాయి. పెద్దకోడలు వాటిని ఒకదాంతో ఒకటి గట్టిగా పట్టుకుంది. అయినా ఆగలేదు.

అత్తగారు చూసింది. ఈసారి వెటకారం చెయ్యలేదు. సీట్లో మెల్లగా పక్కకు తిరిగి, తన వైపు తలుపు తెరిచి, ఆ పుల్లలాంటి కాలును బయటికి చాపింది.

"చెక్క అదిగో, రోడ్డు మీద. కాలు ఇదిగో, ఇక్కడ. రెండిట్లో ఏది కావాలో తేల్చుకోవే. నాకు చలేస్తోంది."

పెద్దకోడలు బండి దిగింది. వెనక్కి నడిస్తే చెక్క. ముందునుంచి చుట్టి వెళ్తే అత్తగారి తలుపు. మెట్టు కింద తను రోజూ కూర్చుని పనిచేసే పొట్టి పీట ఉంది. దూరాన, వాళ్ళ కార్ఖానా లారీ దీపాలు వేసుకుని ఇటే వస్తోంది, ఇంకాసేపట్లో ఆ అచ్చు మీదుగానే పోతుంది.

ఆమె జేబులో చెయ్యి పెట్టి కొలత టేపు పట్టుకుంది. కదలకుండా అక్కడే నిలబడి లారీ వైపు చూస్తోంది.